ఖాళీ ఫస్ట్ ఫ్లోర్‌ని విడి పోర్షన్ చేయాలంటే: బెంగళూరులో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రామమూర్తినగర్‌లో 30×40 అడుగుల స్థలంలో ఇల్లు. కింద మేం, పైన పిల్లల గదులు. పిల్లలిద్దరూ ఉద్యోగాలకని వెళ్లిపోయాక పై అంతస్తులో మిగిలింది ఒక పాత ట్రెడ్‌మిల్, దాని మీద ఆరేసిన దుప్పట్లు. మూడేళ్ల కిందట దాన్ని విడి పోర్షన్‌గా మార్చి అద్దెకిచ్చాం. అప్పట్నుంచి పెళ్లిళ్లలో, గుడిలో, పొద్దున వాకింగ్‌లో కలిసిన మనవాళ్లందరివీ అవే సందేహాలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇలా రాసిపెట్టాను. నేను ఇంజనీర్‌నీ కాదు, లాయర్‌నీ కాదు. ఇల్లు పగలగొట్టించుకుని నేర్చుకున్నవాణ్ణి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టక ముందు

మా పై అంతస్తు విడి పోర్షన్‌కి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

అందరూ ముందు హాలు కొలుస్తారు. మీరు ముందు ఇంటి వెనక్కి వెళ్లి బాత్రూమ్ పైపు ఎక్కడ కిందికి దిగుతుందో చూడండి. ఆ పైపు ఎక్కడుంటే బాత్రూమ్, వంటగది ఆ చుట్టుపక్కలే ఉండాలి. మిగతా గదులు ఆ తర్వాత వాటంతటవే కుదురుకుంటాయి. రెండోది, అద్దెకొచ్చేవాళ్లు మీ హాల్లోంచి నడవకుండా పైకి వెళ్లే దారి ఉందా? మూడోది, గదికీ వంటగదికీ బయటి గాలి తగిలే కిటికీ ఉందా? జాతీయ భవన నియమావళి ప్రకారం మొదటి గది 9.5 చదరపు మీటర్లకు (దాదాపు 102 చదరపు అడుగులు), వంటగది 5 చదరపు మీటర్లకు (54 చదరపు అడుగులు) తగ్గకూడదు. గది ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులుండాలి. టెర్రస్ మీద రేకులు వేసిన గదులు చాలావరకు ఈ ఎత్తు దగ్గరే ఆగిపోతాయి.

లోపల గోడలు మార్చుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?

లోపల పార్టిషన్ కట్టడం, తలుపు జరపడం, గచ్చు మార్చడం లాంటి పనులకు సాధారణంగా కొత్త ప్లాన్ అక్కర్లేదు. ఇంటి బయటి ఆకారం మారే పనులు వేరు. బాల్కనీని మూసి వంటగది చేయడం, సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలో) కొత్త మెట్లు దించడం, టెర్రస్ మీద గది లేపడం ఇవన్నీ ప్లాన్ పరిధిలోకి వస్తాయి. పక్కింటివాళ్లతో సంబంధాలు బాగున్నాయి కదా, ఎవరూ కంప్లైంట్ చేయరులే అనుకుని మెట్లు దించేవాళ్లున్నారు. పక్కింటి ఓనరు రేపు ఇల్లు అమ్మితే కొత్తగా వచ్చేవాళ్లతో ఆ సంబంధం ఉండదు. పాత శాంక్షన్ ప్లాన్ (ఇల్లు కట్టేటప్పుడు కార్పొరేషన్ ఆమోదించిన ప్లాన్) తీసి, ఇప్పుడున్న ఇల్లు దానితో ఎంత కలుస్తుందో ఒకసారి చూసుకున్నాకే మేస్త్రీని పిలవండి.

బీబీఎంపీ పోయిందట, మరి ఎవరి ఆఫీసుకు వెళ్లాలి?

2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ (పాత నగర పాలక సంస్థ) స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో పడిందో చూసుకోండి. పాత బీబీఎంపీ కాగితాలు, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు), శాంక్షన్ ప్లాన్ చెల్లకుండా పోలేదు. వాటిని భద్రంగా ఉంచండి.

మాది బి ఖాతా. అద్దెకివ్వడానికి అడ్డమా?

అద్దెకివ్వడానికి అడ్డం కాదు. బి ఖాతా అంటే మీ దగ్గర పన్ను తీసుకోవడానికి పెట్టిన రిజిస్టర్‌లో ఉన్నారని. అంతేగాని కట్టడం సక్రమమని ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు. చిక్కు వచ్చేది ప్లాన్ శాంక్షన్ దగ్గర, బ్యాంకు లోన్ దగ్గర. అక్రమ-సక్రమ (నిబంధనలు దాటిన కట్టడాలను జరిమానా కట్టి సరిచేసుకునే పథకం) వస్తే అన్నీ సరిచేసుకుందామని కొందరు ఇంకా ఎదురుచూస్తున్నారు. ఆ పథకం మీద సుప్రీంకోర్టు 2017 జనవరిలోనే స్టే ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కొత్త గది లేపకండి. ఉన్న నాలుగు గోడల లోపల చేసుకునే మార్పులతో సరిపెట్టుకోవడం మేలు.

వాస్తు ప్రకారం బయటి మెట్లు ఎటు ఉండాలి?

ఈశాన్యంలో వద్దంటారు, నైరుతి మంచిదంటారు. మా ఇంట్లో నైరుతిలో సెప్టిక్ కాలం నాటి పాత చాంబర్ ఉంది, దాని మీద మెట్లు రావు. చివరికి పడమర గోడ వెంట వేశాం. అద్దెకొచ్చినవాళ్లు మాత్రం మెట్ల దిక్కు అడగలేదు. బండి ఎక్కడ పెట్టుకోవాలని అడిగారు.

## డిజైన్, కట్టుబడి

బాత్రూమ్ లేని చోట కొత్తగా కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. కానీ ఈ పని మొత్తంలో అందరూ దెబ్బతినేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఇల్లు కట్టేటప్పుడే అనుకున్న బాత్రూమ్‌కి స్లాబ్‌ని కిందికి దించి పోస్తారు. పైపులు ఆ గుంటలో దాక్కుంటాయి. మీ బెడ్‌రూమ్ మూలకి ఆ గుంట ఉండదు. అప్పుడు మేస్త్రీ చెప్పే సులువైన మార్గం, నేలని ఎనిమిది అంగుళాలు లేపి ఇటుక ముక్కలు, మట్టి నింపడం. ఐదడుగులు × ఎనిమిదడుగుల బాత్రూమ్‌లో ఆ నింపుడు బరువే ఒక టన్ను దాటుతుంది. ఇళ్ల స్లాబులను చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువుకి లెక్కేస్తారు. మనుషులు, మంచాలు, బీరువాలు అన్నీ అందులోనే. ఈ నింపుడు ఒక్కటే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. కాబట్టి గోడకు బిగించే కమోడ్ పెట్టి, పైపుని బయటి గోడలోంచి నేరుగా వెలుపలికి తీయండి. అప్పుడు నేల నాలుగైదు అంగుళాలు లేపితే చాలు. నింపాల్సి వస్తే తేలికైన ఏఏసీ (లోపల గాలి బుడగలుండే సిమెంటు) బ్లాకు ముక్కలు వాడమనండి. కమోడ్ పైపు 110 ఎంఎం ఉండాలి, నాలుగడుగులకు ఒక అంగుళం వాలు ఉండాలి. వాలు సరిపోకపోతే మొదటి నెల బాగానే ఉంటుంది, రెండో నెల నుంచి ప్లంబర్ మీ ఇంటి మనిషైపోతాడు.

టైల్స్ వేయకముందు తూము మూసి, రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదిలేయండి. మా ప్లంబర్ ‘అవసరం లేదు సార్, కెమికల్ వేశాం’ అన్నాడు, నేనూ తొందరలో సరే అన్నాను. అద్దెకొచ్చినవాళ్లు దిగిన తొమ్మిదో రోజు కింద మా పూజ అల్మరా పైన, సీలింగ్‌లో అరచేయంత మచ్చ కనిపించింది. మా ఆవిడ వెంకటేశ్వరస్వామి పటం తీసి గుడ్డతో తుడిచింది, మర్నాడు మళ్లీ తడి. కొత్త టైల్స్ పగలగొడితే నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు దిగే తూము) చుట్టూ వెంట్రుకవాసి సందు. దాని కోసం ఎనిమిది రోజులు అద్దెకున్నవాళ్లు మా కింది బాత్రూమ్ వాడుకున్నారు.

కొత్త గోడలు లేపితే స్లాబ్ ఆగుతుందా?

ఏ గోడ, ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, ప్లాస్టరింగ్ కాకుండానే ప్రతి అడుగు పొడవుకీ దాదాపు 200 కిలోలు. అదే నాలుగంగుళాల ఏఏసీ బ్లాకుతో అయితే 60 కిలోల లోపే. కింద బీమ్ ఉన్న చోట గోడ వస్తే మంచిది, స్లాబ్ నడిమధ్యలో ఇటుక గోడ వద్దు. బీమ్‌లు ఎక్కడున్నాయో తెలియకపోతే కింది అంతస్తు సీలింగ్ చూడండి, చాలా ఇళ్లలో కిందికి దిగి కనిపిస్తాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని ఒక్కసారి పిలిపించి చూపించండి. ఆ ఫీజు మొత్తం ఖర్చులో లెక్కలోకి కూడా రాదు.

వంటగది ఎక్కడ పెట్టాలి? బాల్కనీ మూసేస్తే సరిపోదా?

బాల్కనీ వంటగది చూడ్డానికి బాగుంటుంది. వర్షం ఏటవాలుగా కొట్టినప్పుడు స్టవ్ ఆరిపోతుంది, పైగా అది ప్లాన్ దాటిన కట్టడం. బాత్రూమ్ గోడకి ఆనుకుని ఉన్న గది మూల ఎంచుకుంటే సింక్ నీళ్లు అదే వైపు దిగుతాయి. సింక్‌కి 75 ఎంఎం పైపు విడిగా వేయించి, కింద గల్లీ ట్రాప్‌లో (వాసన వెనక్కి రాకుండా ఆపే నేలలోని చాంబర్) కలపండి. కమోడ్ పైపులో కలిపేస్తే పప్పు పోపు వాసనతో పాటు ఇంకో వాసన కూడా వస్తుంది. గట్టు ఎత్తు 32–33 అంగుళాలు. సిలిండర్ గట్టు కింద పెడితే గ్యాస్ లీకైనా బయటికి పోయేలా తలుపు అడుగున జాలీ ఉండాలి. గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది.

హాల్లోంచి పైకి వెళ్లే మెట్లు పగలగొట్టేయాలా?

వద్దు. పై ల్యాండింగ్ దగ్గర బ్లాకు గోడ కట్టి, తలుపు వచ్చేంత చోట లింటెల్ (పైగోడ బరువు మోసే అడ్డదూలం) మాత్రం వేయించి మూసేయండి. రేపు పిల్లలు తిరిగొస్తే, లేదా మీ మోకాళ్లు మొరాయించి పైవాళ్లకి కింది ఇల్లిచ్చే రోజు వస్తే, ఒక్క పూటలో తెరుచుకోవచ్చు. మా మెట్ల మీద ఇప్పుడు ఆవకాయ జాడీలు, వాడని కుక్కర్లు ఉన్నాయి. అంత చల్లటి చోటు ఇంట్లో ఇంకోటి లేదు.

ఇనుప మెట్లా, కాంక్రీట్ మెట్లా?

ప్లాన్ ప్రకారం మెట్లు వేసే చోటుంటే, స్థలం ఉన్నంతలో కాంక్రీటే. ఇనుము చవక, వారంలో అయిపోతుంది. కానీ రాత్రి పదకొండున్నరకి షిఫ్ట్ నుంచి వచ్చే కుర్రాడి బూట్ల చప్పుడు మీ దిండు కిందే వినిపిస్తుంది. ఏది వేసినా మెట్టు ఎత్తు 7 అంగుళాలు, కాలు ఆనే వెడల్పు 10 అంగుళాలు, మెట్ల వెడల్పు మూడడుగులకు తగ్గకుండా చూడండి. పదడుగుల ఎత్తుకి 17 మెట్లు పడతాయి. బీరువా, ఫ్రిజ్ ఎక్కించే మలుపు కొలుచుకోండి. ఈ ఒక్కటి మర్చిపోయి తాళ్లతో బాల్కనీలోంచి ఫ్రిజ్ లాగినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

పైన కుర్చీ జరిపినా కింద వినిపిస్తుంది. ఏం చేయాలి?

స్లాబ్ గుండా దిగే చప్పుడుని కింద సీలింగ్ వేసి ఆపడం కష్టం. పైనే ఆపాలి. కుర్చీ కాళ్లకి రబ్బరు బుడిపెలు, మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషిన్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ మీరే కొనిచ్చేయండి. ఏడొందల రూపాయల్లో సగం గొడవ తీరుతుంది.

ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది?

ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క. మేం నాలుగు లక్షలనుకున్నాం, ఆరు లక్షల ఇరవై వేలైంది. పెరిగిందంతా బాత్రూమ్ రెండోసారి చేయడం దగ్గర, పాత వైరింగ్ మొత్తం మార్చడం దగ్గర. ఆరు వారాలన్నారు, పదకొండు వారాలు పట్టింది, అందులో దసరాకి మేస్త్రీ మనుషులు ఊరికెళ్లిన రోజులూ ఉన్నాయి. పనికి తగ్గట్టు విడతలుగా డబ్బులివ్వండి. చివరి విడత నీళ్ల పరీక్ష అయ్యాకే.

## కరెంటు, నీళ్లు

సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని తీసుకుంటే చాలదా?

చాలదని నా అభిప్రాయం. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకి అర్హత మేరకు కరెంటు ఉచితం. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. రెండు సంసారాలు ఒకే మీటర్ మీదుంటే గీజర్ల కాలంలో సులువుగా 200 దాటుతుంది. అప్పుడు ఇద్దరికీ పోతుంది. విడి మీటర్ ఉంటే అద్దెకున్నవాళ్లు తమ ఆధార్‌తో తామే నమోదు చేసుకోవచ్చు. ఓనరు పేరు మీద ఎన్ని మీటర్లున్నా ఓనరుకు వచ్చేది ఒక్కదానికే. బెస్కాంకి (కరెంటు సరఫరా కంపెనీ) అప్లికేషన్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారా వెళ్లాలి. లోడ్ ఎంత కావాలో ఏసీ, గీజర్ లెక్కేసి ముందే అడగండి.

కొత్త మీటర్‌కి ఓసీ అడుగుతున్నారు. ఇదెక్కడిది?

ఓసీ అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అది లేని కట్టడాలకు కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో 2025లో బెంగళూరులో వేల ఇళ్లకు మీటర్లు ఆగిపోయాయి. తర్వాత 1,200 చదరపు అడుగుల వరకు ఉన్న స్థలాల్లో గ్రౌండ్ ప్లస్ రెండు అంతస్తుల వరకు ఉన్న ఇళ్లకు ఓసీ నుంచి రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. 30×40 వాళ్లు సరిగ్గా ఆ గీత మీదున్నారు. మీ సేల్ డీడ్‌లో స్థలం 1,200 దాటి చూపిస్తుంటే, ఆ కొసరు అడుగులే మిమ్మల్ని వేరే వరుసలో నిలబెడతాయి. పని మొదలుపెట్టే ముందే డీడ్‌లో కొలత చూసుకోండి.

కావేరి కనెక్షన్ ఒక్కటే ఉంది. రెండు ఇళ్లకు సరిపోతుందా?

మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కేస్తే నలుగురికి నెలకు దాదాపు 16,000 లీటర్లు. రెండు కుటుంబాలంటే 32,000 దాటుతుంది. నీటి బోర్డు రేటు 8,000, 25,000, 50,000 లీటర్ల దగ్గర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కాబట్టి ఒకే మీటర్ మీద రెండో కుటుంబం నీళ్లలో కొంత ఖరీదైన మెట్టులో పడుతుంది. అద్దెలో నీళ్లు కలిపి చెప్పేస్తే ఆ తేడా మీ జేబులోంచే. బిల్లు కంటే పెద్ద సమస్య సంప్ (నేలలోని నీళ్ల తొట్టి). కావేరి రోజు మార్చి రోజు వచ్చే వీధుల్లో రెండు ఇళ్లకి రెండు రోజుల నిల్వ కావాలి, అంటే కనీసం 2,200 లీటర్లు. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం రాత్రి రెండింటికి మేలుకున్నవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

పై పోర్షన్‌లో షవర్ సన్నగా వస్తోంది, కింద బాగానే ఉంది. ఎందుకు?

ట్యాంకు పై అంతస్తు నెత్తి మీదే ఉండటం వల్ల. నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత ఒత్తిడి. కింది ఇంటికి ఇరవై అడుగులు దొరుకుతుంది, పై ఇంటికి దాదాపు సగమే. ట్యాంకుని నాలుగైదు అడుగుల స్టాండ్ మీదికి ఎక్కించండి. అదీ చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు. రెండు ఇళ్లకి రెండు ట్యాంకులు పెడితే ‘నీళ్లన్నీ మీరే వాడేశారు’ అన్న మాట రాదు.

## అద్దె, పన్నులు

అద్దెకిస్తే ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుందా?

పెరుగుతుంది. సొంతంగా ఉన్న భాగానికి ఒక రేటు, అద్దెకిచ్చిన భాగానికి దానికి రెట్టింపు. సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో పై అంతస్తు విస్తీర్ణాన్ని మాత్రం అద్దె కింద చూపిస్తే చాలు. ఇంటి లోపల పోర్షన్ విడదీసినంత మాత్రాన ఖాతా రెండు కాదు.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు?

ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి 11 నెలలు. గడువు అయ్యాక అలాగే వదిలేయకుండా మళ్లీ రాసుకోండి.

అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి? లీజుకి ఇచ్చేస్తే మేలు కదా?

బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ పాత అలవాటు. ఇప్పుడు చాలామంది ఐదారు నెలలకే కుదుర్చుకుంటున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకునే ఆనవాయితీ ఉంది. పట్టుకోవాలనుకుంటే అగ్రిమెంట్‌లో ముందే రాయండి, చివర్లో మొహాలు మాడవు. లీజు అంటే మన ఊళ్లలో భోగ్యం లాంటిదే, ఒకేసారి లక్షలు తీసుకుని అద్దె లేకుండా ఇవ్వడం. ఆ డబ్బు కూతురి పెళ్లికో, ఫ్లాట్‌కో పెట్టేసి, గడువు రాగానే తిరిగివ్వలేక ఇరుక్కున్న ఓనర్లను చూశాను. డబ్బు బ్యాంకులోంచి కదపననే ధైర్యం ఉంటేనే లీజు.

అద్దె మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఎలా లెక్కేస్తారు?

నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000 అనుకుందాం. ఆ భాగానికి మీరు కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ 6,000 తీసేస్తే 1,74,000. అందులో 30 శాతం, అంటే 52,200, రిపేర్లకైనా కాకపోయినా మినహాయింపు. మిగిలిన 1,21,800 మీ ఆదాయంలో కలుస్తుంది. బాత్రూమ్‌కి పెట్టిన లక్షలకు బిల్లులు చూపించి విడిగా తీసేసుకోవడం కుదరదు.

ఇల్లు అమెరికాలో ఉన్న మా అబ్బాయి పేరు మీద ఉంది. తేడా ఏమైనా ఉందా?

చాలా ఉంది. ఓనరు ఎన్ఆర్ఐ అయితే, అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవాళ్లే మామూలుగా 31.2 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఇది చెప్పకుండా అద్దెకిస్తే తర్వాత నోటీసు వాళ్లకి వస్తుంది. దిగే ముందే చెప్పేయండి.

ఫ్యామిలీ కంటే పీజీ పెడితే ఎక్కువ వస్తుందట?

వస్తుంది, దాంతో పాటు ట్రేడ్ లైసెన్స్ కూడా కావాలి. 2024లో బీబీఎంపీ పెట్టిన నిబంధనల ప్రకారం మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీటీవీ ఉండాలి. ఇంటి పైన ప్రశాంతంగా రిటైరవుదామనుకునేవాళ్లకి ఇది వేరే ఉద్యోగం.

టెర్రస్ ఎవరు వాడుకోవాలి?

అగ్రిమెంట్‌లో తప్పకుండా రాయాల్సింది, ఎవరూ రాయనిది ఇదే. ట్యాంకు కడగడానికి, సోలార్ చూడడానికి మీరు పైకి వెళ్లాలి, వాళ్ల తలుపు ముందు నుంచే. బట్టలారేయడానికి వాళ్లకి కావాలి. మేం తూర్పు వైపు రెండు తాళ్లు వాళ్లవి, పడమర వైపు మావి అని రాసుకున్నాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం మా ఆవిడ గుమ్మడి వడియాలకి తూర్పు ఎండ కావాలంటుంది. పైన అద్దెకున్న అమ్మాయి తాళ్లు పక్కకి జరిపేస్తుంది. సాయంత్రం ఎండిన వడియాలు ఒక డబ్బాడు వాళ్లింటికి వెళ్తాయి.